మా అక్క ఖాళీగా ఉంది

మంచాన పడినవారికి నెలనెలా ఇచ్చే 15,000 రూపాయల పింఛనుకు నిజమైన అర్హులెవరో తేల్చడానికి 2025 ఆరంభంలో వైద్యులతో కూడిన బృందాలు ఇంటింటికీ తిరిగినప్పుడు, తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటికి కూడా ముగ్గురు వచ్చారు. పక్షవాతంతో ఎనిమిదేళ్లుగా పడుకునే ఉన్న మా అమ్మ ఈలోగా లేచి తిరుగుతున్నదేమో చూసుకోవడం వారి విధి కనుక దాన్ని నేను తప్పుపట్టను. నన్ను పట్టుకుని ఇప్పటికీ వదలనిది ఆ రోజు వినిపించిన ఒకే ఒక్క మాట. "నువ్వేం చేస్తా ఉండావమ్మా?" అని వారిలో ఒకరు మా అక్కను అడిగారు. "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉండా" అంది అక్క. "అయితే ఖాళీనే" అని ఆయన రాసుకున్నారు.

అక్క ఎలా ఖాళీగా ఉంటుందో రికార్డుల నిమిత్తం వివరించడం తమ్ముడిగా నా ధర్మం. ఆమె ఖాళీ తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. రాత్రి తడిసిన డైపరు మార్చి, మూత్రపు సంచీ ఖాళీ చేసి (ఈ ఖాళీ వేరు), రాగి జావను పలుచగా కాచి గుడ్డలో వడకట్టి, ముక్కు గొట్టం గుండా సిరంజితో కొద్దికొద్దిగా పోస్తుంది. తొందరపడితే పైకి తన్నుతుంది కాబట్టి ఒక గ్లాసు జావకు అరగంట పడుతుంది. వీపు మీద పుండు పడకుండా రెండు గంటలకొకసారి అమ్మను ఒత్తిగిలించాలి, అది అర్ధరాత్రయినా సరే. 2016 దాకా ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పిన మనిషి కనుక ఈ రెండేసి గంటల లెక్క ఆమెకు తప్పదు.

అసలు ఘట్టం ఫోటో దగ్గర జరిగింది. అమ్మ ముఖం ట్యాబులో స్పష్టంగా పడాలన్నారు. అమ్మ మెడ నిలవదు, కాబట్టి ఎవరో ఒకరు వెనక నుంచి పట్టుకోవాలి. పట్టుకుంటే ఆ ఎవరో ఒకరు ఫోటోలో పడతారు. పింఛనుదారు తప్ప వేరే మనిషి పడకూడదని కూడా వారే అన్నారు. మొదటిసారి అక్క భుజం పడింది. రెండోసారి మంచం తలాపున వంగి కూర్చుంటే కొప్పు పడింది. మూడోసారి మంచానికీ గోడకూ మధ్య నేల మీద చతికిలబడి, చేతులు రెండూ పైకి చాచి అమ్మ దవడలు పట్టుకుంటే, ఆ వచ్చినాయన ఎంతో శ్రద్ధగా ఆలోచించి, దుప్పటి కప్పుకుంటే బాగుంటుందని సలహా ఇచ్చారు. అక్క కప్పుకుంది. చివరికి ఫోటో కుదిరింది: నడుమ అమ్మ ముఖం, దానికి అటు నాలుగూ ఇటు నాలుగూ వేళ్లు. మళ్లీ తీయాలా అని అక్క దుప్పటిలోంచే అడిగింది. "వేళ్లు పడినా పర్లేదమ్మా, మొగం పడకుంటే చాలు" అన్నారాయన.

ఇంటి మనుషులను చూసుకునేవారి పట్ల ఈ దేశపు విధానాన్ని ఇంత పొదుపుగా చెప్పిన వాక్యం నాకు ఏ చట్టంలోనూ దొరకలేదు. చట్టం లేదని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని రాసే ఉంది. ప్రభుత్వాల ఆర్థిక సామర్థ్యం మేరకు అన్న ముక్క కూడా అదే సెక్షనులో ఉంది. కేరళవారు ఆశ్వాసకిరణం పేరిట చూసుకునే మనిషికే నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. 600తో ఏమొస్తుందని నవ్వవచ్చు గానీ, కనీసం అక్కడి కాగితంలో ఆ మనిషి ముఖం పడింది.

ఖాళీ సిద్ధాంతాన్ని మనమే కనిపెట్టామని గర్వపడనక్కరలేదు. బ్రిటన్‌లో 1976లో ఇటువంటి భత్యం మొదలుపెట్టినప్పుడు పెళ్లయిన స్త్రీలకు అది లేదన్నారు, వారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కనుక. తల్లిని చూసుకోవడానికి పని మానుకున్న జాక్వెలిన్ డ్రేక్ అనే ఇల్లాలి కేసు ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లి, 1986లో ఆ అడ్డు తొలగింది. వారానికి 35 గంటలు చూసుకోవాలన్నది అక్కడి షరతు. సోమవారం మొదలుపెడితే మా అక్కకు మంగళవారం రాత్రికే ఆ గంటలు నిండిపోతాయి.

మన సుప్రీంకోర్టు మాత్రం ఇల్లాలి పనికి ఎప్పుడో వెల కట్టింది. 2001లో లతా వాధ్వా కేసులో, ప్రమాదంలో పోయినవారికి పరిహారం తేల్చడం కోసం, నెలకు 3,000 రూపాయలుగా లెక్కవేసింది. 2021 జనవరిలో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ సభ్యులుగా ఉన్న ధర్మాసనం ఆ పనికి ఆదాయం లెక్కగట్టి తీరాలని గట్టిగా చెప్పింది. ఒకటి అగ్నిప్రమాదం, మరొకటి రోడ్డు ప్రమాదం. రెంటిలోనూ లెక్క తేలే నాటికి ఆ ఇల్లాళ్లు బతికి లేరు. ఆ ప్రకారం మా అక్క ఖాళీగా లేదని రుజువు కావాలంటే ఆమె లీలామహల్ కూడలిలో ఏ బస్సు కిందో పడాలి. అందుకూ తీరిక లేదు, రెండు గంటల్లో ఇంట్లో ఉండాలి.

అమ్మ పింఛను చిన్న మొత్తమేమీ కాదు. అయితే అది అమ్మది, అమ్మ మందులకూ డైపర్లకూ పోతుంది. రాత్రింబవళ్లు ఉండే ఆయా కోసం ఒకసారి విచారిస్తే ఆ పింఛను మొత్తం ఇచ్చినా జీతానికి చాలలేదు; అదే పని అక్క చేస్తే దాని పేరు ప్రేమ, దాని ఖరీదు సున్నా. అమ్మ కన్ను మూసిన మరుసటి నెల పింఛను ఆగిపోతుంది. ఆనాటికి యాభై దాటే అక్కకు పీఎఫ్ లేదు, పింఛను లేదు, ఇన్నేళ్లు ఏం చేశావని అడిగే హెడ్మాస్టరుకు చూపించడానికి ఒక్క కాగితం లేదు. ఇది దోపిడీ. ప్రభుత్వం ఒక్కటే చేస్తున్నది కూడా కాదు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఉన్న 15-59 ఏళ్ల స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 74 నిమిషాలు ఏ ఇంటి మగవాళ్లవో నాకు తెలియదు. మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల ఉద్యోగాలూ, ప్రమోషన్లూ, పిల్లల చదువులూ అక్క ఖాళీ మీదే నడిచాయి, నడుస్తున్నాయి.

ఈ వ్యాసాన్ని ఫోనులో అక్కకు చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు అమ్మ దగ్గరికి వెళ్లి వచ్చి, చివరిదాకా విని, "బాగుందిరా" అంది. "ఆదివారం ఒక పూట వచ్చి అమ్మ దగ్గర కూర్చో, గోవిందరాజస్వామి గుడికి పోయొస్తా. పోయి ఎన్నేళ్లయిందో."

ఆదివారం నాకు ఖాళీ లేదని చెప్పాను.