మంత్రిగారి తరఫున విచ్చేసిన జవాబుగారికి

మహారాజశ్రీ జవాబుగారికి,

ఐర్లాండులోని డబ్లిన్ నుంచి ఒక తల్లి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము జాబితాలో క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు, మొన్న మంగళవారం మధ్యాహ్నం కళ్ళారా చూశాను. నాలుగు తెల్లకాగితాలు, మూలన స్టేపుల్ పిన్ను, తడుముకోకుండా చదవడానికి వీలుగా పెద్ద అక్షరాలు, పంక్తుల మధ్య వేలు పట్టేంత ఖాళీ. పుష్టిగా ఉన్నారు.

తమరి దర్శనానికి నేను అరపూట సెలవు పెట్టాను. పిల్లవాణ్ణి బడి నుంచి తీసుకురమ్మని వెనక వీధి తెలుగు అక్కను బతిమాలుకున్నాను. కిల్డేర్ వీధి గేటు దగ్గర సంచీ సోదా చేయించుకుని, ఫోను ఆపేసి, పార్లమెంటు ఎగువసభ అయిన సెనేట్ సందర్శకుల గ్యాలరీలో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాను. పైన 18వ శతాబ్దపు సున్నపు లతలు, పువ్వులు. కింద అరవై మంది సభ్యులకు సరిపడా కుర్చీలు, వాటిలో ఏడుగురు మనుషులు. ఏడుగురని ఖచ్చితంగా చెప్పగలను. తమరు వినిపిస్తున్నంతసేపూ నాకు లెక్కపెట్టడం తప్ప వేరే పని లేకపోయింది.

ముందు సెనేటర్‌గారు లేచారు. ఆవిడ ఎన్నికైంది వ్యవసాయ విభాగం నుంచి, మాట్లాడింది పసిపిల్లల గురించి. ఆ సభలో అది మామూలే. మా ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివిన మనిషి. పేరు చెప్పకుండా మావాడి సంగతి చెప్పారు. పిల్లవాడికి ఉన్న ఇబ్బంది ఏమిటో, ఏ సాయం కావాలో తేల్చే అసెస్‌మెంటుకు దరఖాస్తు ఇచ్చి పద్నాలుగు నెలలైంది. 2005 నాటి వికలాంగుల చట్టం ప్రకారం దరఖాస్తు అందిన మూడు నెలల్లో మొదలుపెట్టాలి, మొదలుపెట్టిన మూడు నెలల్లో ముగించాలి. ఆ గడువు దాటిపోయిన పిల్లలు దేశంలో పది వేలకు పైనే ఉన్నారు. ఎప్పటికి అవుతుందో చెప్పండి, అని కూర్చున్నారు.

అప్పుడు తమరు లేచారు. తమరిని మోసుకొచ్చిన సహాయ మంత్రిగారిది వేరే శాఖ. అసలు మంత్రిగారికి ఎక్కడో ముఖ్యమైన పని తగిలిందట. "మంత్రిగారి తరఫున ఈ జవాబు ఇస్తున్నాను. ఇంత ముఖ్యమైన విషయాన్ని లేవనెత్తినందుకు సెనేటర్‌గారికి ధన్యవాదాలు" అని తమరు అందుకోగానే నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. అనుభవజ్ఞుడిలా ఉన్నారు.

తరువాత తమరు 2005 చట్టం అంటే ఏమిటో వివరించారు. రెండు నిమిషాల క్రితం ఆవిడ వివరించిన చట్టాన్నే, ఆవిడకే. ఆపైన ప్రభుత్వం ఎంత కట్టుబడి ఉందో, ఎన్ని నిధులు ఇచ్చిందో, ఎన్ని బృందాలు వేసిందో చెప్పుకుంటూ పోయారు. రెండో పేజీ చివర చిన్న ప్రమాదం జరిగింది. రెండు కాగితాలు అంటుకుపోయి ఒకేసారి తిరిగాయి. సహాయ మంత్రిగారు ఒక వాక్యం మొదటి సగాన్ని రెండో పేజీలోంచి, మిగతా సగాన్ని నాలుగో పేజీలోంచి చదివారు. వాక్యం చక్కగా అతికింది. సభలో ఎవరూ తల ఎత్తలేదు. కాసేపటికి ఆయనే గమనించుకుని, వేలు తడిచేసుకుని, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. రెండోసారి కూడా అర్థం అంతే వచ్చింది.

ఇంతటి పనితనం ఒక్క తరంలో రాదు. తమరిది పెద్ద వంశమని తెలుసు. ఇక్కడి 1937 రాజ్యాంగంలోని 45వ అధికరణం తమరికి ముత్తాత వరస అవుతుంది. సాంఘిక విధానం ఎలా ఉండాలో మంచి మంచి మాటలన్నీ చెప్పి, వీటి గురించి ఏ కోర్టులోనూ అడగరాదని మొదట్లోనే గడియ పెట్టిన పెద్దమనిషి. మా దేశంలో రాజ్యాంగం రాసినవాళ్ళకు ఆ పద్ధతి నచ్చి, ఆదేశిక సూత్రాలని పేరు పెట్టి తెచ్చుకున్నారు. మా వి.వి. గిరిగారు కూడా రాష్ట్రపతి కావడానికి ఎన్నో ఏళ్ళ ముందు, 1913 నుంచి 1916 దాకా, ఈ ఊళ్ళోనే లా చదువుకున్నారు. కాబట్టి మనం దూరపు చుట్టాలమే, పరాయిదాన్ననుకోకండి. పక్కకు ఒంగిన వెన్నెముకకు శస్త్రచికిత్స కోసం ఏ బిడ్డా నాలుగు నెలలకు మించి ఎదురుచూడదని 2017లో ఇచ్చిన మాట తమరికి అన్నగారు. పిల్లల జాతీయ ఆసుపత్రికి ఒకప్పుడు 65 కోట్ల యూరోలన్న అంచనా 2024కల్లా 224 కోట్లకు చేరింది. అది ఎప్పుడు తెరుస్తారని అడిగినప్పుడల్లా చెప్పిన తేదీలన్నీ తమరి పెదనాన్న పిల్లలు.

తమరి నివాసం సంగతి కూడా కొంత తెలుసుకున్నాను. ఆ సభను 1936లో అప్పటి ప్రభుత్వాధినేత డి వలేరా రద్దు చేసి, మరుసటి ఏడాది తన కొత్త రాజ్యాంగంలో తానే మళ్ళీ పెట్టారు. మా ఆంధ్రప్రదేశ్‌లో శాసన మండలిని 1985లో ఎన్.టి. రామారావు తీసేస్తే 2007లో తిరిగి వచ్చింది. అందుకని ఈ కాపురాలు నాకు వింతగా అనిపించవు. 2013 అక్టోబరులో సెనేట్‌ను ఎత్తేద్దామా అని జనాన్నే అడిగితే 51.7 శాతం వద్దన్నారు. తమరికి నిలువ నీడ మిగిలింది. ఆ సభ ఒక బిల్లును 90 రోజులు ఆపగలదు. మావాడి పేరును మాత్రం జాబితాలో ఒక్క మెట్టు పైకి జరపలేదు. సెనేట్‌లోని విశ్వవిద్యాలయాల సీట్లకు ఓటుహక్కు మరిన్ని చదువుల సంస్థలవాళ్ళకు ఇవ్వవచ్చని 1979లో జనం ఓటేసి చెప్పారు. 2023లో సుప్రీంకోర్టు చెవి మెలిపెట్టాక, 2024లో గానీ దానికి చట్టం రాలేదు. నలభై ఐదేళ్ళు. ఆ లెక్కన పద్నాలుగు నెలలకే గగ్గోలు పెట్టడం నా తొందరపాటేనని ఒప్పుకుంటాను.

ఆ ఆవరణలోని సైకిళ్ళ పందిరి ఖర్చు గురించి నేనేమీ అనను, లోకమంతా అనేసింది. 8 లక్షల యూరోలకు పైగా పోసి తెచ్చాక పైకప్పు ఎత్తు చాలక బయటే నిలబడిన ముద్రణ యంత్రం మాత్రం తమరిని అచ్చువేయడానికే అయి ఉంటుంది.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు, నువ్వు అనేస్తాను.

మావాడికి ఐదున్నరేళ్ళు. అన్నమాటే తిరిగి అంటాడు. దాహమేస్తే నాకు నీళ్ళు కావాలి అనడు. మేము రోజూ వాడిని అడిగే మాటనే మాకు అప్పజెబుతాడు, "నీళ్ళు కావాలా నాన్నా?" అని. బయటికి తీసుకెళ్ళమని చెప్పాలంటే నా కొంగు పట్టుకుని "చెప్పులేసుకుందామా?" అంటాడు. మొదట్లో మాకూ అర్థమయ్యేది కాదు. వాడి వెంట తిరిగి, ఒక్కొక్క మాటకూ అర్థం కనిపెట్టి, ఫ్రిజ్ తలుపు మీద పట్టిక రాసి అంటించుకున్నాం. బడిలో టీచరు దగ్గర ఆ పట్టిక లేదు. ఆమె అడిగిన ప్రశ్ననే వాడు ఆమెకు తిరిగి ఇస్తాడు. ఆమె నవ్వుతుంది, సాయంత్రం మాకు ఉత్తరం రాస్తుంది. ఇది ఏమిటో, మేము ఏం చేయాలో చెప్పమనే కదా దరఖాస్తు పెట్టింది? దానికి ఇప్పటిదాకా వచ్చిన ఉత్తరాలు ఆరు. ఆరింట్లోనూ ఒకే పేరా. ఫోను చేస్తే యంత్రం గొంతులో అదే పేరా. చట్టసభ దాకా వెళితే, సున్నపు పువ్వుల కింద నువ్వు, మళ్ళీ అదే పేరా, ఈసారి మనిషి నోటితో.

అన్నమాటే తిరిగి అనేవాళ్ళను పరీక్షించాలంటే మా ఇంటి నుంచే ఎందుకు మొదలుపెట్టాలి? మావాడు తిరిగి అన్నప్పుడు వాడికి నీళ్ళు కావాలి. నీకేం కావాలి? అడిగిన మనిషి అలసిపోయి ఇంటికి వెళ్ళాలి, అంతేగా?

తొందరగా తేల్చేద్దామని 2020లో తొంభై నిమిషాల పొట్టి అసెస్‌మెంటు ఒకటి కనిపెట్టారు. 2022 మార్చిలో హైకోర్టు, చట్టం చెప్పిన అసెస్‌మెంటు ఇది కాదు పొమ్మంది. ఆ తీర్పు నీ మూడో పేజీలో ఉంది. కోర్టు తీర్పు వల్ల ఒత్తిడి పెరిగిందట! ఎక్కడో మబ్బు పట్టినట్టు, వాన కురిసినట్టు చెప్పావు. చట్టాన్ని కోసి పొట్టి చేసిందెవరో నీకు తెలియదు కాబోలు. పోనీ, ఎప్పటికో అసెస్‌మెంటు అయిందే అనుకో, అక్కడితో చికిత్స మొదలవుతుందా? చికిత్సకు ఇంకో జాబితా ఉంది. దాని గురించి అడిగితే నీ తమ్ముడు వస్తాడు.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో రాత్రిళ్ళు ఒక ఆడదయ్యం ఇంటింటికీ వచ్చి తలుపు తడుతోందని పుకారు లేచింది. ప్రతి తలుపు మీదా "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దముక్కతో రాశారు. అది వస్తుంది, చదువుకుంటుంది, వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే చదువుకుంటుంది. మేము దుప్పట్లో దూరి, రాత తుడిచిపోకూడదని దండం పెట్టుకునేవాళ్ళం. ఆవిడకు ఏం కావలసి వచ్చిందో ఎవరూ అడగలేదు. మంగళవారం గ్యాలరీలో ఆవిడ నాకు పదే పదే గుర్తుకొచ్చింది. చదువొచ్చిన దయ్యం, పాపం. చదువు రాకపోతే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేది.

నువ్వు ముగిశాక సెనేటర్‌గారికి ఒక నిమిషం ఇచ్చారు. ఆవిడ తన కాగితాలు పక్కన పెట్టి ఒకే మాట అడిగారు. "ఏ నెలలో?"

సహాయ మంత్రిగారు నిన్ను చూశారు. మొదటి పేజీ, చివరి పేజీ, మళ్ళీ మొదటిది. అంత పుష్టిగా ఉన్న నీలో ఒక నెల పేరు దొరకలేదు. తెలియని ఊళ్ళో ఎవరో దారి అడిగితే నిలబడిపోయిన మనిషిలా ఉన్నారాయన. నాకే జాలి వేసింది. "నాకు తెలియదు. మంత్రిగారితో చెబుతాను" అన్నారు. ఆ 'తెలియదు' నీలో రాసి లేదు, ఆయన సొంతం. అందుకే దాన్ని నమ్మాను. అక్షరం పొల్లుపోకుండా రికార్డు రాసే అమ్మాయి దాన్ని కూడా రాసుకుంది. వెళ్ళేముందు సెనేటర్‌గారు గ్యాలరీ వైపు తల ఎత్తారు. నేను చేతులు జోడించాను. ఏం చేయాలో తోచక ఆవిడ చెయ్యి ఊపారు.

కిల్డేర్ వీధిలోకి వచ్చి ఫోను వెలిగించాను. ఒక మిస్డ్ కాల్, నంబరు కనిపించనిది. 2:52కి వచ్చింది. అంటే నీ కాగితాలు రెండు ఒకేసారి తిరిగిన సమయానికి. పద్నాలుగు నెలల్లో అసెస్‌మెంటువాళ్ళు తమంతట తాము చేసిన మొదటి ఫోను! రికార్డు చేసి పెట్టిన మాటలు బస్సులో విన్నాను. జాబితాను సరిచూస్తున్నారట. మా అబ్బాయికి అసెస్‌మెంటు ఇంకా అవసరమేనా అని కనుక్కోవడానికి చేశారట. మేము ఎత్తలేదు కాబట్టి ఉత్తరం పంపుతారట. గడువులోగా మేము జవాబు ఇవ్వకపోతే పేరు తీసేస్తారట. గడువు అన్న మాట దగ్గర ఆపి, వెనక్కి వెళ్ళి, ఇంకోసారి విన్నాను. సరిగ్గానే విన్నాను. తిరిగి ఫోను చేయడానికి నంబరు చెప్పలేదు.

రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకు వినిపిద్దామని ఫోనును బల్ల మీద పెట్టి శబ్దం పెంచాను. మావాడు కింద కూర్చుని రైలు పెట్టెలు తగిలించుకుంటున్నాడు. వింటున్నాడనుకోలేదు. అయిపోగానే లేచి వచ్చి, నా మోకాలి మీద చెయ్యి వేసి, ఫోనులో ఆవిడ ఆగిన చోటే ఆగుతూ, ఆవిడ గొంతుతోనే అడిగాడు.

"ఇంకా అవసరమేనా?"

ఇట్లు,
వాడి తల్లి