శుక్రుడి దగ్గరికి వెళ్లే నౌకకు విశాఖవాసి పేరు

శుక్రుడి దగ్గరికి ఇస్రో పంపబోయే నౌకకు పేరు సూచించే అవకాశం ప్రజలకే ఇవ్వాలి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఆ పని ఎప్పుడో చేసింది. 1998లో తన ఎక్స్-రే దూరదర్శినికి పేరు సూచించమని ప్రజలనే అడిగింది. అప్పటిదాకా దాన్ని ఏఎక్స్ఏఎఫ్ అనే పొడి అక్షరాలతో పిలిచేవారు. 61 దేశాల నుంచి ఆరు వేలకు పైగా సూచనలు వచ్చాయి. ఐడహోలోని ఒక హైస్కూలు విద్యార్థి, కాలిఫోర్నియాలోని ఒక ఉపాధ్యాయురాలు ఎవరికి వారుగా ‘చంద్ర’ అని రాసి గెలిచారు. షికాగో విశ్వవిద్యాలయంలో దాదాపు ఆరు దశాబ్దాలు పనిచేసిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ను మిత్రులు పిలుచుకున్న పేరది.  ఆయన పరిశోధన ఎంత దూరం చేరిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అంగారకుడి మీద తిరుగుతున్న నాసా రోవర్ పెర్సెవరెన్స్ పేరు కూడా బడిపిల్లల వ్యాసపోటీలోంచే వచ్చింది. 28,000 వ్యాసాలొచ్చాయి. జేమ్స్ వెబ్ దూరదర్శిని సంగతి వేరు. 2002లో నాసా అధిపతి తానే నిర్ణయించిన ఆ పేరుపై శాస్త్రవేత్తల అభ్యంతరాలు ఏళ్ల తరబడి నడిచాయి.

మన దేశంలో ముఖ్యమైన పేర్లు ఎక్కువగా పైనుంచే ఖరారవుతున్నాయి. 1975 నాటి తొలి ఉపగ్రహానికి ‘ఆర్యభట’ను ఎంచింది ఇందిరా గాంధీ. శ్రీహరికోట నుంచి వెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌ను 2003లో, కల్పనా చావ్లా మరణించిన కొద్ది రోజులకే, ‘కల్పన-1’గా మార్చింది వాజ్‌పేయి. రెండూ చక్కని పేర్లే, కాదనను. కానీ ప్రజలను అడిగి ఉంటే ఎన్ని ఇళ్లలో ఆ శాస్త్రవేత్తల కథలు చదివేవారో!

శుక్రగ్రహ యాత్రకు కేంద్రం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. 2028 మార్చిలో ప్రయోగించాలన్నది లక్ష్యం. ఆ నౌక పేరు కోసం ఇస్రో దేశవ్యాప్తంగా పోటీ పెట్టాలి. పెడితే నా ఓటు ఖగోళ పరిశీలకుడు అంకితం వెంకట నరసింగరావుకు (అంకితం ఆయన ఇంటిపేరు). విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గ్రహాలను, నక్షత్రాలను పరిశీలించడానికి నెలకొల్పిన వేధశాలను నడిపిన మనిషి ఆయన. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతుంటే అక్కడి నుంచే పరిశీలించి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. విశాఖలో పుట్టి పెరిగిన వారిలోనూ ఈ పేరు విన్నవారు అరుదు. శుక్రుడి కోసం ఒక తెలుగువాడు అంత శ్రద్ధగా పనిచేశాడని మన పిల్లలకు చెప్పకపోతే తప్పు మనదే.

ఇస్రో పిలుపు కోసం ఆగనక్కర్లేదు. మన తెలుగు సంఘం ఈ ఏటి బాలల వ్యాసపోటీకి ఇదే అంశం పెట్టాలి. ఏ పేరు పెట్టాలో, ఎందుకు పెట్టాలో పిల్లలే తెలుగులో రాయాలి. మంచి వ్యాసాలన్నీ కలిపి బెంగళూరులోని ఇస్రో ప్రధాన కార్యాలయానికి పంపుదాం.