కట్టె కదిలితే పురుగూ కదిలినట్టే

అనంతపురంలో పైన్ తోటలు లేవు. అయినా పైన్ చెక్క మనదాకా వస్తూనే ఉంది. విదేశీ మెషీన్ల కింద వచ్చే ప్యాలెట్లలో, అంటే సరుకు పెట్టే చెక్క పీటల్లో, చాలావరకు ఆ చెక్కే. ఆ ప్యాలెట్ పక్కన కంకి బొమ్మ, ‘హెచ్‌టీ’ అనే ముద్ర కనిపిస్తాయి. చెక్కను నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచామని ఆ ముద్రకు అర్థం. 2002లో వచ్చిన ఈ నియమం చెక్కలో దాక్కుని దేశాలు దాటే పురుగులను ఆపడానికి పెట్టింది.

పైన్ చెట్ల బెరడు తొలిచే ఎర్ర టర్పెంటైన్ పురుగునే తీసుకోండి. సొంతగడ్డ ఉత్తర అమెరికాలో దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయరు. నరికిన మొద్దులు, నీరసించిన చెట్లు దొరికితే దానికి చాలు. దుంగలతో పాటు చైనా చేరిందని అంటారు. 1998లో షాన్షీ రాష్ట్రంలో బయటపడ్డాక అక్కడి పైన్ చెట్లను లక్షల్లో చంపింది.

మన ఆసియా పురుగూ అట్లాగే పరదేశం పోయింది. కాండం మీద తుపాకీ రవ్వలు తగిలినట్టు సన్నని బొక్కలు పెట్టే షాట్ హోల్ బోరర్, కాలిఫోర్నియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ చెట్లను చంపుతోంది. 2021లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ఇంటి పెరటి చెట్టులో దొరికింది. నగరమంతా క్వారంటైన్ పెట్టి, పచ్చికట్టె బయటికి పోకుండా కట్టడి చేశారు. అయినా 2025లో, దీన్ని పూర్తిగా తుడిచేయడం సాధ్యం కాదని ఒప్పుకోక తప్పలేదు.

దాని దగ్గరి చుట్టమే మన దానిమ్మ తోటల్లో ఉంది. పోయిన ఎండాకాలం కళ్యాణదుర్గం వైపు మా చిన్నాన్న తోటకు పోతే, కాండం మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి కనిపించింది. ‘మూడుసార్లు మందు కొట్టినాం రా, పోలేదు’ అన్నాడు. పోదు మరి. రెండు మిల్లీమీటర్ల ఆడపురుగు చెక్కలోకి సొరంగం తవ్వి, తనతో తెచ్చిన బూజును అందులో పెంచుతుంది. పిల్లలు తినేది ఆ బూజునే. కూతుళ్లు పుట్టిన గూట్లోనే అన్నదమ్ములతో జతకట్టి బయటికొస్తాయి కాబట్టి, కొత్త కాపురానికి ఒక్క ఆడపురుగు సరిపోతుంది. పైపైన కొట్టే మందు అంత లోపలికి ఎట్లా పోతుంది?

పైగా తప్పంతా పురుగుదే కాదు. దానిమ్మలో ఎండుతెగులుకు ప్రధాన కారణం వేర్లను పట్టే శిలీంధ్రం. చాలా చెట్లలో ముందు తెగులు పడుతుంది, వాసన పట్టి పురుగు వెనకాల వస్తుంది. మనకు బొక్కలు కనిపిస్తాయి, వేరు కనిపించదు. పూత కోసం నీళ్లు ఆపి, చెట్టును బెట్టకు పెట్టి ఆకు రాల్చే పద్ధతి ఉంది కదా, ఇప్పటికే నీరసంగా ఉన్న చెట్టుకు అది ఇంకో దెబ్బ. దాన్ని మానెయ్యమని ఏ రైతుకూ చెప్పలేను. పంట దానిమీదే ఆధారపడి ఉంది.

నాకు కోపం తెప్పించేది వేరే సంగతి. చిన్నాన్న ఎండిన చెట్లు కొట్టించి గట్టు మీద కుప్ప పోశాడు. కూలీలు పొయ్యిలోకని తలా ఒక మోపు ఎత్తుకుపోయారు. ఎండిపోయే లోపు ఆ కట్టెలోంచి పురుగులు ఎగిరి పక్క తోట చేరుకుంటాయి. రెండు మిల్లీమీటర్ల పురుగు తనంతట ఎంత దూరం పోతుంది? మిగతా దూరం ట్రాక్టరే మోస్తుంది, నర్సరీ మొక్కల లారీ మోస్తుంది. ఊళ్లో మాట మాత్రం ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు అనే దగ్గరే తిరుగుతోంది. మందు అమ్మేవాడికి కమీషన్ ఉంటుంది, కుప్ప కాల్చమని చెప్పినవాడికి ఏముంటుంది?

మన దత్తమండలాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1919లోనే, పంట తెగుళ్ల మీద ఒక చట్టం చేశారు. ఫలానా ప్రాంతంలో ఫలానా పురుగు ఉందని ప్రకటించి, రైతులంతా కలిసి చెయ్యాల్సిన పని చేయించడం దాని ఉద్దేశం. ఒక్కరి తోటలో చేస్తే చాలదని నూరేళ్ల కిందటే తెలుసన్నమాట.

ఇప్పుడు కావలసిందీ అలాంటి ఊరుమ్మడి పనే. కొట్టిన చెట్టును వారంలోపు తోటలోనే కాల్చాలి. తెగులున్న తోట నుంచి అంట్లు తీసి అమ్మకుండా చూడాలి. ఇవన్నీ రైతు ఖర్చుతో జరగవు. పురుగుమందుకు సబ్సిడీ అడిగే నాయకులు, ఎండిన చెట్టును వేర్లతో పెకలించే జేసీబీ బాడుగకు కూడా సబ్సిడీ అడగాలి.