మిల్లుకో కాపీ ఎన్నాళ్లు? లెక్కలను స్క్రిప్టుకు వదలండి

మిర్యాలగూడ రైస్ మిల్లులకు, నల్లగొండ బత్తాయి వ్యాపారులకు, మహబూబ్‌నగర్ వైపు పత్తి మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న టీములకు అసలు తలనొప్పి కొత్త ఫీచర్లతో కాదు, ఒక్కో ఓనర్‌కు ఒక్కో లెక్క ఉండటంతో వస్తుంది. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే ధాన్యం లెక్క అందరికీ ఒకటే, క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. కానీ సొంతంగా కొనే ధాన్యంలో తేమకు ఎంత తరుగు తీయాలి, హమాలీ బస్తాకు కట్టాలా క్వింటాలుకు కట్టాలా అన్నది ఎవరి పద్ధతి వాళ్లది, పైగా సీజన్‌కోసారి మారుతుంది. అడిగినప్పుడల్లా కోడ్‌లో ఒక ఇఫ్ (ఈ మిల్లైతే ఇలా లెక్కకట్టు అనే షరతు) పెడుతూ పోతే కొన్నాళ్లకు మిల్లుకో కాపీ తయారవుతుంది, ఆ తర్వాత జీఎస్టీలో చిన్న మార్పొచ్చినా అన్నిట్లో విడివిడిగా దిద్దుకోవాల్సిందే.

మారే లెక్కను ప్రోగ్రామ్‌లోంచి తీసి, అది నడుస్తుండగానే చదువుకునే స్క్రిప్టులో, అంటే విడిగా ఉండే చిన్న కోడ్ ఫైలులో పెట్టాలి. ఇదేం కొత్త సంగతి కాదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీని మనకు కావాల్సినట్టు మార్చుకోవడానికి టీడీఎల్ అనే దాని సొంత భాష ఉంది, దాన్ని రాసిచ్చి బతుకుతున్న వాళ్లూ ఉన్నారు. 1993లో బ్రెజిల్‌లోని రియో యూనివర్సిటీలో పుట్టిన లువా అచ్చంగా ఇలా వేరే ప్రోగ్రామ్‌లో ఇమిడిపోవడానికే పనికొచ్చే భాష, ఫోటోలు దిద్దే లైట్‌రూమ్‌లోనూ, డేటాబేస్ అయిన రెడిస్‌లోనూ ఉన్నది అదే.

అయితే లువాను జోడించడం సులువే, దానికి ఏం ఇవ్వకూడదో తేల్చుకోవడమే అసలు పని. మామూలుగా అన్ని లైబ్రరీలూ తెరిచేస్తే స్క్రిప్టు ఫైళ్లు చెరిపేయగలదు, కంప్యూటర్‌లో ఏ కమాండైనా నడపగలదు. తరుగు లెక్కకు ఫైళ్లను ముట్టుకునే ఐఓ, కమాండ్లు నడిపే ఓఎస్ లైబ్రరీలు ఎందుకు? ఇవ్వకండి. స్క్రిప్టును మనిషి చదవగల రూపంలోనే తీసుకోవాలి, ముందే కంపైల్ చేసిన బైట్‌కోడ్ అసలే తీసుకోవద్దు, చెడ్డ బైట్‌కోడ్ స్క్రిప్టును నడిపే ఇంటర్‌ప్రెటర్‌నే కూల్చేస్తుంది. స్క్రిప్టు లూపులో ఇరుక్కుంటే కాంటా దగ్గర లారీలు ఆగిపోతాయి కాబట్టి ఇన్ని ఇన్‌స్ట్రక్షన్లు దాటితే ఆపేయమని హుక్ (మధ్యమధ్యలో తనిఖీ చేసే ఫంక్షన్) పెట్టాలి, మెమరీకీ హద్దు ఉండాలి. డబ్బును పైసల్లో, బరువును గ్రాముల్లో పూర్ణాంకాలుగా పంపాలి. లువా 5.3 నుంచి పూర్ణాంకాలు విడిగా ఉన్నాయి, అంతకు ముందు వెర్షన్లలో మామూలుగా అంకెలన్నీ ఫ్లోటింగ్ పాయింటే (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే పద్ధతి), ఆ లెక్కల్లో పైసలు తేడా కొడితే రైతుకు జవాబు చెప్పేది మీరే.

తలుపులన్నీ బార్లా తెరిస్తే ఏమవుతుందో పెద్ద కంపెనీలే చూపించాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫైళ్లలో ఇమిడి ఉండే మాక్రోలనే చిన్న స్క్రిప్టుల మీద 1999లో మెలిస్సా వైరస్ లోకమంతా తిరిగింది, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ముందే ఆపేసే పని మైక్రోసాఫ్ట్ 2022లో గానీ చేయలేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు జోడించుకునే పాత యాడాన్లు దాని లోపలి భాగాలన్నీ ముట్టుకునేవి, అందుకే లోపల ఏది మార్చినా ఏదో ఒకటి విరిగేది. చివరికి 2017లో 57వ వెర్షన్‌తో వాటిని మొత్తంగా వదిలేయాల్సి వచ్చింది, వాటిని నమ్ముకున్న వాళ్లు ఎంత బాధపడ్డారో చెప్పక్కర్లేదు. మీరు స్క్రిప్టుకు అందించిన ప్రతి ఫంక్షనూ మీరిచ్చిన మాట, అందుకే మొదట నాలుగైదు చాలు.

స్క్రిప్టుకు బదులు డీఎల్ఎల్ ప్లగిన్ల (విండోస్‌లో ప్రోగ్రామ్‌కు జోడించే కంపైల్ చేసిన కోడ్) జోలికి మాత్రం వెళ్లొద్దనే నా అభిప్రాయం. అది మన ప్రోగ్రామ్‌లోనే నడుస్తుంది, అది పడిపోతే బిల్లింగూ పడిపోతుంది, ఆ ఫోన్ మనకే వస్తుంది.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. ప్రతి బిల్లు మీదా అది ఏ స్క్రిప్టు ఏ వెర్షన్‌తో లెక్కకట్టిందో రాసిపెట్టాలి. తరుగు ఎక్కువ తీశారని ఆర్నెల్ల తర్వాత రైతు వచ్చి అడిగితే అప్పటి లెక్కను అలాగే తిరిగి నడిపి చూపించగలగాలి. కొత్త స్క్రిప్టు పెట్టే ముందు పోయిన సీజన్ బిల్లులన్నిటి మీదా దాన్ని ఉత్తినే నడిపి, ఎక్కడెక్కడ ఎంత తేడా వచ్చిందో ఓనర్‌కు చూపించి, ఆయన సరేనన్నాకే అమల్లోకి తేవాలి. 2023లో మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు, మిల్లు లెక్క తెలిసి కాస్త కోడ్ రాయగల పిల్లలు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. ఈ స్క్రిప్టులు రాయడానికి వాళ్లకు కావాల్సింది తెలుగులో నాలుగు పేజీల డాక్యుమెంటేషన్, పాత బిల్లులతో ఒక టెస్ట్ కాపీ.