బంకలో చచ్చిన బొద్దింక విషం తిన్నట్టు కాదు

కార్తీకం వానలు పట్టుకున్నాక కావలిలో మా వీధిలో ఏ ఇంట చూసినా చీమల బారులు, బొద్దింకలు, లైటు చుట్టూ ఉసుళ్లు. సరిగ్గా ఈ అదనులోనే ఒక వీడియో వాట్సాప్‌లో చుట్టేస్తోంది. ఇంట్లో వాడే బంకలన్నీ పురుగులకి విషమేనట, ఇక మందులు కొనే పనే లేదట. మొన్న మా పక్కింటి పెద్దమ్మ ఫెవికాల్ డబ్బా, చక్కెర గిన్నె రెండూ పట్టుకొని వచ్చి, "ఏందబ్బయా, నువ్వు పిల్లకాయలకి సైన్సు చెప్తావు గదా, ఇది పెట్టమంటావా వద్దా?" అని అడిగింది. ఆమెకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

"ఫెవిక్విక్‌లో సైనైడ్ ఉంది, అందుకే చీమ అక్కడికక్కడే చస్తుంది" అన్నది మొదటి మాట.

ఇది పేరు చూసి పడిన పొరపాటు. అందులో ఉండేది సైనోయాక్రిలేట్. ఉప్పులో క్లోరిన్ ఉన్నంత మాత్రాన ఉప్పు విషవాయువు కానట్టే, ఇదీ సైనైడ్ కాదు. గాలిలోని తేమ తగలగానే ఆ ద్రవం గొలుసులు గొలుసులుగా అల్లుకుపోయి గట్టి ప్లాస్టిక్ అవుతుంది. చుక్క మీద పడిన చీమ ఆ ప్లాస్టిక్‌లో ఇరుక్కుంటుంది. పురుగుకి మనలా ముక్కు ఉండదు, ఒంటి పక్కల ఉన్న సన్నని రంధ్రాల గుండా గాలి పీలుస్తుంది. అవి మూసుకుపోతే ఊపిరాడక చస్తుంది. నూనెలో పడినా జరిగేది ఇదే. నూనెని ఎవరూ విషమనరు కదా. పైగా ఇదే జాతి బంకల్లో ఒకదాన్ని మనుషుల గాయాలు అతికించడానికి అమెరికాలో 1998లోనే అనుమతించారు. తేనెటీగల మీద పరిశోధన చేసేవాళ్లు ఈగ వీపుకి అంకె వేసిన చిన్న బిళ్లను బంకతో అంటించి వదిలేస్తారు. ఆ ఈగ పూల మీదికి పోయి మళ్లీ తుట్టెకి వస్తుంది కాబట్టే వాళ్ల లెక్కలు సాగుతున్నాయి.

ఇక్కడ నాకు నిజంగా భయమేసింది వేరే. చీమల దారిలో పాత నూలుగుడ్డ వేసి, దానిమీద ఫెవిక్విక్ పిండమంటున్నారు. నూలు మీద పడితే ఆ బంక ఒక్కసారిగా వేడెక్కుతుంది, పొగలొస్తాయి, చెయ్యి కాలుతుంది. దయచేసి ఎవరూ చెయ్యొద్దు.

రెండోది చక్కెర కలిపిన ఫెవికాల్. బొద్దింక తింటే పొట్టలో గట్టిపడి చస్తుందంటున్నారు. తెల్ల ఫెవికాల్ అంటే పాలీవినైల్ ఎసిటేట్ అనే పదార్థం సన్నని రేణువులుగా నీళ్లలో కలిసి ఉండటం. నీరు ఆవిరైపోతేనే అది బిగుస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే పొట్టలో నీరు ఆవిరయ్యే దారేది? పళ్లెం అంచున చచ్చి కనపడేవి చాలావరకు చక్కెర కోసం వచ్చి కాళ్లు అతుక్కుపోయినవే.

విషమంటే ఏమిటో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒంగోలు, కందుకూరు వైపు పండే పొగాకులో నికోటిన్ ఉంది. అది పురుగు ఒంట్లోకి పోయి నరాల్ని పట్టుకుంటుంది. పైరుకి పట్టే పేనుబంక పురుగు మీద పొగాకు కషాయం కొట్టేది అందుకే. పురుగు అతుక్కోకపోయినా, ఊపిరాడుతున్నా, లోపలికి పోయిన మందే చంపాలి. వరికి మందు కొట్టే మన రైతు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ డైమండ్ గుర్తు చూసి దాని బలం చెప్తాడు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్టరైన మందులకి ఆ గుర్తు ఉంటుంది. ఫెవికాల్ డబ్బాని తిప్పి చూడండి, ఉండదు.

పాతకాలం బంకల సంగతి ఇంకా స్పష్టం. సినిమా పోస్టర్లకి వాడే మైదా బంక బొద్దింకలకి విందు భోజనం. పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు మైదా ఉడకేసేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. బంకే విషమైతే అందులో వేరే విషం కలపాల్సిన అవసరం ఏముంది?

ఇక సైకిల్ షాపు సొల్యూషన్. మూత తీసి వంటింట్లో పెడితే పురుగు దరిచేరదంటున్నారు. ఈ ఒక్కదాంట్లో గోరంత నిజముంది. ఆ బంకని పలచగా ఉంచే ద్రావకాల ఆవిరి మూసిన సీసాలో పురుగుని చంపుతుంది. పురుగుల్ని సేకరించేవాళ్లు కూడా అందుకే ఈథైల్ ఎసిటేట్ తడిపిన దూది సీసాలో పెడతారు. కానీ వంటిల్లు మూతపెట్టిన సీసా కాదు. పురుగు చావాలంటే అక్కడ ఎంత ఆవిరి నిండాలో, అంతా మీరూ పీల్చాలి. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పరుచుకొని పొయ్యి దాకా పాకితే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎలుకల జిగురు అట్టల మీద బొద్దింకలు చావడం కూడా సాక్ష్యమే అంటున్నారు. మిరప తోటలో కట్టే పసుపు, నీలం అట్టలు చూసిన రైతు ఈ మాట అనడు. అవి పట్టుకునే అట్టలు. పట్టుబడ్డది తిండీ నీళ్లూ లేక పెనుగులాడి చస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం వీడియోలో చూపించిన పరీక్షలోనే ఉంది. మూత బిగించిన సీసాలో ఒకే ఒక్క బొద్దింక, పక్కన బంక చుక్క, మర్నాడు పురుగు చచ్చింది. బంక లేని సీసా ఏది? పట్టేటప్పుడే దాని ఒళ్లు నలిగిందేమో, మందు కొట్టిన ఇంటినుంచి తెచ్చారేమో, ఎండలో పెట్టారేమో ఎలా తెలుస్తుంది? 1925లో ఆబట్ అనే కీటక శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ఈ రోజుకీ వాడుకలో ఉంది. మందు తగలని పురుగుల్లో ఎన్ని వాటంతటవే చచ్చాయో లెక్కేసి, వాటిని తీసేశాకే మిగతాది మందు పని అనాలి.

మా పిల్లకాయలకి నేను చెప్పే పద్ధతి చెప్తాను. ఒకేచోట పట్టిన చీమల్ని గాలాడే మూడు డబ్బాల్లో సమానంగా పంచండి. అన్నింట్లో తడి దూది, కాస్త చక్కెర పెట్టండి. ఒకదాంట్లో రెండు రోజులు బాగా ఆరిన బంక పూసిన అట్ట, రెండోదాంట్లో ఉత్త అట్ట. మూడోదాంట్లో పచ్చి బంక పెట్టి, చీమలు తాకకుండా పైన సన్నని వల కప్పండి. అతుక్కోవడం వేరు, ఆవిరి వేరు, బంక వేరు అని అప్పుడే తేలుతుంది. రోజూ ఒకే వేళకి లెక్కపెట్టి, ఇదంతా మళ్లీ రెండుసార్లు చెయ్యాలి.

పెద్దమ్మకి ఫెవికాల్ వెనక్కి ఇచ్చేసి, చీమల దారిని సబ్బునీళ్లతో తుడవమన్నాను. రాత్రిళ్లు సింకు తడి లేకుండా ఆరబెట్టమన్నాను. మందే కావాలంటే బొద్దింకలకి అమ్మే జెల్ మందుని పసివాళ్ల చెయ్యి అందని మూలల్లో పెట్టుకోమన్నాను. ఆ వీడియో తీసినవాళ్లు బంక లేని సీసాని కూడా పక్కన పెట్టి, అందులో పురుగు బతికి, ఆరిన బంక ఉన్నదాంట్లో చచ్చిందని మూడుసార్లు చూపిస్తే, అది పంపిన గ్రూపులన్నింట్లోనూ నా మాట తప్పని నేనే రాస్తాను.