రంగు చూసి ఉన్ని కలపకండి

"పట్టు కలిపితే మెరుస్తుంది, ఆల్పాకా కలిపితే మెత్తబడుతుంది, రంగులు ఎన్ని వేస్తే అంత అందం." చేత్తో ఉన్ని వడికేవాళ్ల మధ్య ఈ మాట ఎంతగా తిరుగుతోందంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇదే సూత్రమని నమ్మేస్తున్నారు. (ఆల్పాకా అంటే దక్షిణ అమెరికాలో పెంచే ఒంటె జాతి జంతువు, ఇక్కడ దాని బొచ్చు.) నాకు దీని మీద చాలా రోజులుగా కోపం ఉంది. ఇవాళ రాసేస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. ఓపిక చేసుకుని చదవండి, ముఖ్యంగా కార్డిగన్ కోసమని ఉన్ని కొని పక్కన పెట్టుకున్నవాళ్లు.

ఏం కలపాలో తేల్చుకునే ముందు, ఆ దారం ఏ బట్ట కాబోతోందో తేల్చుకోవాలి. మెడకు చుట్టుకునే మఫ్లర్‌కి ఏ కలయికైనా సరిపోతుంది, రెండంగుళాలు సాగినా ఎవరికీ తెలియదు. కార్డిగన్ అలా కాదు. ముందు భాగం నిలువునా తెరిచి ఉంటుంది. స్వెటర్‌లా చుట్టూ మూసుకుని ఒంటిని పట్టుకునేది కాదు కాబట్టి మొత్తం బరువు భుజాల మీద, మెడ వెనక వేలాడుతుంది. గుండీల పట్టీ ఒక్కటి జారిందంటే మిగతాదంతా దాంతో పాటే కిందికి వస్తుంది. కార్డిగన్ అన్న పేరు 1854లో బాలక్లావా యుద్ధంలో లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ గుర్రపు దళాన్ని నడిపించిన ఏడవ ఎర్ల్ ఆఫ్ కార్డిగన్ నుంచి వచ్చింది. చలిలో ఒంటి మీద నిలబడాల్సిన బట్ట ఇది. రోజూ వేసుకోవాలి, మోచేతులు రాసుకుపోవాలి, ఉతకాలి, మళ్లీ వేసుకోవాలి. దానికి తగ్గ దారం కావాలి.

నా మొదటి కార్డిగన్ సంగతి చెప్తాను. 50 శాతం ఉన్ని, 30 శాతం ఆల్పాకా, 20 శాతం పట్టు. ఎందుకు ఆ లెక్క అంటే, చేత్తో ముట్టుకుంటే వెన్నలా ఉంది, అంతే. నాలుగు నెలలు వడికాను. అల్లడానికి ఇంకో రెండు నెలలు. సూదుల మీంచి దించినప్పుడు భుజం నుంచి అంచు వరకు 58 సెంటీమీటర్లు. మూడు వారాలు వేసుకుని, ఒకసారి ఉతికాక కొలిస్తే 71. చేతులు వేళ్ల దాకా వచ్చేశాయి. జేబులు తొడల మీదికి దిగాయి. బరువు చూస్తే 780 గ్రాములు. ఆ రోజు దాన్ని మంచం మీద పరిచి చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. ఆరు నెలల సాయంత్రాలు అవి.

"ఉతికితే సర్దుకుంటుంది" అన్నారు కొందరు. సర్దుకోలేదు. "చేత్తో వడికిన దారం అలాగే ఉంటుంది" అన్నారు ఇంకొందరు. ఈ రెండో మాట దగ్గరికి మళ్లీ వస్తాను, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఎందుకు సాగిందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒక పోచ ఉన్నిని వెలుతురుకు పెట్టి చూడండి. పొడవునా చిన్న చిన్న వంకీలు ఉంటాయి. లాగి వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. ఉన్ని బట్ట ఆకారం నిలబడేది ఆ వంకీల వల్లే. ఆల్పాకాలో ఆ వంకీలు చాలా తక్కువ. నునుపుగా ఉంటుంది, పక్క పోచ మీంచి సులువుగా జారుతుంది. పట్టులో అసలే ఉండవు. పట్టు గట్టిదే, తెగదు, కానీ సాగితే ఉన్నిలా వెనక్కి రాదు. అంటే నేను సగం ఉన్నిలో సగం జారేవే కలిపాను. పట్టు కొంచెమే కదా అని వేస్తాం, అది ఏకులా వచ్చి మేకై కూర్చుంటుంది.

ఇది సగం కథే. ఆ ఉన్నిలోనే ఇంకో లోపం ఉంది. మిగిలిన చిటికెడు ఉన్నిని వేడి నీళ్లలో సబ్బు వేసి అరచేతుల మధ్య గట్టిగా రుద్దాను. మామూలు ఉన్ని అయితే రెండు మూడు నిమిషాల్లో ముద్ద కట్టి, గట్టిబడి, విడదీయలేనంతగా అతుక్కుపోతుంది. పోచల మీద ఉండే సన్నటి పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకోవడం వల్ల అలా జరుగుతుంది. నాది పది నిమిషాలు రుద్దినా విడివిడిగానే ఉంది. అది సూపర్‌వాష్ ఉన్ని. మెషీన్లో వేసినా కుంచించుకుపోకుండా ఉండటానికి క్లోరిన్‌తో ఆ పొలుసుల అంచులు అరగదీసి, పైన పాలిమర్ పూత పూస్తారు. పొలుసులు పోతే పోచలు ఒకదాన్నొకటి పట్టుకోవు, అల్లిక కిందికి జారుతుంది. అమ్మినవాళ్లు చీటీ మీద ఆ ముక్క రాయలేదు. అడిగితే "అన్నీ ఒకటేనండీ, ఇది ఇంకా మెత్తన" అన్నారు. అన్నీ ఒకటి కాదు. సాక్స్‌కి, పసిపిల్లల బట్టలకి సూపర్‌వాష్ మంచిదే, నేను కాదనను. కానీ వడికేవాళ్లకి అమ్మేటప్పుడు చెప్పి తీరాలి. మీరు కొన్న ఉన్ని మీద అనుమానం ఉంటే ఆ చిటికెడు పరీక్ష చేయండి, పావుగంట పని.

రెండో కార్డిగన్‌కి ముందు నమూనాలు చేశాను. పదేసి గ్రాములు, మూడు రకాల కలయికలు. ప్రతిదీ వడికి, పేని (అంటే ఒంటిపేట దారాలను కలిపి మెలిపెట్టి), 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, అప్పుడు కొలిచి, కింది అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి రెండు రోజులు వేలాడదీశాను. పాత కలయిక 15 నుంచి పదిహేడున్నరకు సాగింది. 75 శాతం కోరిడేల్ ఉన్ని, 15 శాతం ఆల్పాకా, 10 శాతం పట్టు కలిపింది పదిహేనున్నర దగ్గర ఆగిపోయింది. పట్టు పది శాతం ఉన్నా మెరుపు కనిపిస్తూనే ఉంది. ఇది చూశాక నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై గ్రాముల ఉన్ని, ఓ వారం రోజుల పని, అంతే. మొదటిసారి ఈ పని చేసి ఉంటే ఆ ఆరు నెలలు దక్కేవి.

కోరిడేల్ ఎందుకంటే, అది సన్నటి, మెత్తటి ఉన్ని ఉండే మెరినో గొర్రెలకి, పొడుగు ఉన్ని ఉండే లింకన్ గొర్రెలకి సంకరంగా వచ్చిన జాతి. మెరినో అంత సన్నం కాదు, కానీ అందులోని సాగే గుణం చాలావరకు ఉంటుంది, పోచ పొడవు ఎక్కువ, మోచేతుల దగ్గర తొందరగా నూగు లేవదు. మెత్తదనం ఒక్కటే కొలతగా పెట్టుకుంటే ఎప్పుడూ మెరినోయే గెలుస్తుంది. మెడకు తగిలేదానికి అది న్యాయమే. కార్డిగన్ లోపల ఎలాగూ చొక్కా ఉంటుంది కదా!

ఇక కలపడం. ఇక్కడే అందరూ తొందరపడతారు. కార్డిగన్‌కి కావలసిన మొత్తాన్ని వడకడానికి కూర్చోకముందే కలిపేయాలి. ఈ వారం కొంచెం, వచ్చే వారం కొంచెం అని కలిపితే వీపు ఒక రంగు, చేతులు ఒక రంగు వస్తాయి. నేను 750 గ్రాములు తీసుకున్నాను. ఒక్కో బ్యాట్ (ఏకాక పల్చటి పరుపులా వచ్చే ఉన్ని పొర) 30 గ్రాములు: ఉన్ని ఇరవై రెండున్నర, ఆల్పాకా నాలుగున్నర, పట్టు మూడు. త్రాసు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, కంటి లెక్క పది బ్యాట్లకే దారి తప్పుతుంది. మొత్తం 25 బ్యాట్లు అయ్యాక, ప్రతి బ్యాట్ నుంచి ఒక్కో సన్నటి పేలిక చీల్చి, 25 పేలికలూ కలిపి మళ్లీ డ్రమ్ కార్డర్‌కి (పళ్లున్న డ్రమ్ము తిప్పి ఉన్ని ఏకే పరికరం) ఎక్కించాను. అలా ఇంకో 25. అప్పుడు ఏ బ్యాట్ తీసినా ఒకేలా ఉంది. పట్టును నేరుగా డ్రమ్ మీద వేస్తే పళ్లకు చుట్టుకుని రాదు, రెండు పల్చటి ఉన్ని పొరల మధ్య వేయాలి. గాల్లోకి ఎగిరిపోతుంటే కొంచెం నీళ్లు చిలకరించండి. మూడోసారి ఏకాలని చెయ్యి లాగుతుంది, వద్దు. ఎక్కువ ఏకితే సన్నటి పోచలు తెగి ఆవగింజల్లాంటి ఉండలు కడతాయి. ఒకసారి కడితే ఇక అవి పోవు, వడికినా ఉంటాయి, అల్లినా ఉంటాయి. డ్రమ్ కార్డర్ లేకపోయినా చింత లేదు, చేతి బ్రష్షులతో ఏకి ఏకులు చుట్టుకోవచ్చు. కాకపోతే తూకం మాత్రం అలాగే ఉండాలి.

వడికేటప్పుడు వేళ్ల దగ్గర ఏం జరుగుతుందో చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. రాట్నం తిరుగుతుంటే పురి దారం వెంట పాకుతూ వచ్చి, వేళ్ల ముందు విసనకర్రలా పరుచుకున్న పోచల్లోకి దూరుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలోనే చెయ్యి వెనక్కి వెళ్లాలి. సరిగ్గా కలవని బ్యాట్ అయితే ఇక్కడే దొరికిపోతుంది: పట్టు పోచలు పొడుగ్గా, నున్నగా ఉంటాయి కాబట్టి ముందుగా జారి వచ్చేస్తాయి, ఉన్ని వెనక ముద్దగా ఉండిపోతుంది, దారంలో ఒక జానెడు మెరుస్తుంది, తర్వాత జానెడు మసకగా ఉంటుంది. బాగా కలిసినప్పుడు మూడూ ఒకే వేగంతో వస్తాయి. చేతికి అది తెలుస్తుంది.

మొదటిసారి నేను పోచలన్నిటినీ సమంగా సాపు చేసి, వేళ్లతో దిద్దుతూ, గట్టిగా వడికాను. నున్నటి దారం వచ్చింది, కానీ దాంట్లో గాలి లేదు. ఉన్ని వెచ్చదనమంతా అది పట్టుకునే గాలి వెచ్చదనమే. గాలి లేని దారం బరువు, పైగా బరువుకు తగ్గ వెచ్చదనం ఉండదు. ఈసారి ఏకులు చుట్టి, చెయ్యి పొడుగ్గా వెనక్కి లాగుతూ, పోచల మధ్యకు గాలి పోనిస్తూ వడికాను. అదే కొలతలకు అల్లిన కార్డిగన్ ఇప్పుడు 560 గ్రాములు.

పేటల విషయంలో నా మాట మూడు. ఒంటిపేట దారంతో అల్లితే పురి అంతా ఒకవైపే ఉంటుంది కాబట్టి బట్ట పక్కకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. రెండు పేటలది కొంచెం బల్లపరుపుగా ఉంటుంది, జాలీ అల్లికకు బాగుంటుంది. మూడు పేటలది గుండ్రంగా వస్తుంది, కుట్టు నిండుగా కనిపిస్తుంది, అరుగుదలకు తట్టుకుంటుంది. అయితే పని మూడింతలు. కార్డిగన్‌కి 1200 మీటర్ల దారం కావాలంటే ఒంటిపేటవి 3600 మీటర్లు వడకాలి, పేనేటప్పుడు పోయేది కూడా కలుపుకుంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు. నాకు గంటకు వంద మీటర్లు వచ్చేది. నలభై గంటలు వడకడానికే. అందుకే చెప్తున్నాను, నలభై గంటలు పెట్టే ముందు పది గ్రాముల నమూనా చేయకపోవడం ఏమిటి?

ఇప్పుడు ఆ రెండో మాట. "చేత్తో వడికింది హెచ్చుతగ్గులుగానే ఉంటుంది, అదే దాని అందం." దయచేసి ఈ మాట అనకండి. యంత్రాలు రాకముందు లోకంలో ప్రతి బట్టా చేతి నూలే. వైకింగుల ఓడల తెరచాపలు ఉన్నివి, కదురుతో వడికినవి. యూరప్‌లో అప్పటికి రాట్నం కూడా లేదు. ఆ తెరచాపలతో సముద్రాలు దాటారు. హెచ్చుతగ్గుల దారంతో గాలికి నిలబడే తెరచాప రాదు. కావాలని లావుసన్నాలుగా వడికితే అది వేరే విద్య, దానికి దండం పెడతాను. రానిదాన్ని అందం అని పేరు పెట్టి కొత్తవాళ్లను అక్కడే ఆపేయడం మాత్రం అన్యాయం. వాళ్ల చేతులు అంతకంటే బాగా చేయగలవు.

నాకు పనికొచ్చినవి రెండు చెప్తాను. నమూనాలో నచ్చిన ఒంటిపేట దారాన్ని అర మూర తెంపి, ఒక అట్టముక్కకు చుట్టి, రాట్నానికి కట్టేశాను. కూర్చున్న ప్రతిసారీ మొదటి రెండు నిమిషాలు దాని పక్కన పెట్టి చూసుకోవడమే. రెండోది, నెలల తరబడి వడికితే చెయ్యి తెలియకుండానే మారుతుంది, మొదటి వారం దారం కంటే ఆఖరి వారంది సన్నగా ఉంటుంది. అందుకని మొత్తం వడకడం అయ్యేదాకా పేనకుండా ఆగి, మొదటి బాబిన్ (వడికిన దారం చుట్టుకునే కండె), మధ్యది, చివరిది కలిపి మూడు పేటలుగా పేనాను. తేడాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిలపలు కట్టి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఆరేశాక చూస్తే ఏది ముందుదో ఏది వెనకదో నాకే తెలియలేదు. అయినా అల్లేటప్పుడు రెండు వరుసలకోసారి ఉండ మార్చాను.

ఆ కార్డిగన్‌కి ఇప్పుడు రెండేళ్లు. భుజం నుంచి అంచుకి 59 సెంటీమీటర్లు. అల్లినప్పుడు 58.

మొదటిదాన్ని పారేయలేదు. ఈ వారమే విప్పడం మొదలుపెట్టాను. సాగే దారమే అయినా, సాగినా ఫర్వాలేని పెద్ద శాలువాకి అది చక్కగా సరిపోతుంది. రంగు రంగుల బ్యాట్లు ఇప్పటికే చేసుకుని ఉన్నవాళ్లు కంగారు పడకండి, మీవి కూడా వృథా కావు, కార్డిగన్‌కి మాత్రం వాడకండి. వాడి తీరాలనుకుంటే పది గ్రాములు వడికి, ముక్క అల్లి, ఉతికి, క్లిప్పులు తగిలించి వేలాడదీయండి. ముందు కొలత, రెండు రోజుల తర్వాత కొలత, ఏమేం ఎంత కలిపారో కింద రాయండి. అందరివీ ఒకచోట ఉంటే ఇంకొకరు ఆరు నెలలు పోగొట్టుకోరు.