నల్లా బిల్లు ముందు, బయానా తర్వాత

బావ చిన్న కొడుకు లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఉద్యోగంతో పాటు ఒక కాయిన్ లాండ్రీ కొందామని చూస్తున్నాడు. జనం వచ్చి మిషన్లో నాణేలు వేసి ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కునే షాపు అది. ధర 3,80,000 డాలర్లు. సగం అక్కడి బ్యాంకు లోను, మిగతాదానికి హసన్‌పర్తి దగ్గరి ప్లాటు అమ్మి పంపాలని హన్మకొండలో ఉన్న బావ ఆలోచన. బామ్మర్దిది ఎనుమాములలో పత్తి వ్యాపారం. ఇద్దరూ మొదలుపెట్టారంటే టీ చల్లారాల్సిందే.

బావ: అన్ని ఖర్చులు పోను నెలకు 8,000 డాలర్లు మిగులుతాయట రా. వాడు వారానికి రెండుసార్లు పోయి చిల్లర తెచ్చుకుంటే చాలు. ఇక్కడ ప్లాటు మీద ఏం వస్తుంది చెప్పు, పిచ్చి చెట్లు తప్ప?

బామ్మర్ది: మిగులుతాయని ఎవరు చెప్పారు?

బావ: అమ్మేటాయనే. లెక్కల షీటు కూడా పంపాడు. తెలుగాయనే, మంచిగా మాట్లాడాడు.

బామ్మర్ది: మంచిగా మాట్లాడకుండా ఎవరు అమ్ముతారు బావా? మా మార్కెట్లో రైతు మాకు తెలిసినవాడే, మంచోడే, అయినా పత్తిలో తేమ మిషన్ పెట్టకుండా రేటు చెప్పం. 8 శాతం దాటితే కోత, 12 దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొననే కొనదు. అందులో రైతును అనుమానించింది ఏముంది? మరి ఈ లాండ్రీకి తేమ మిషన్ ఏది?

బావ: ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు అడుగుదాం అంటావా? అడిగినం. అందులో తక్కువే ఉంటుందని ఆయనే చెప్పాడు. మొత్తం చిల్లర వ్యాపారం కదా, అంతా ఎవరు చూపిస్తారు?

బామ్మర్ది: గవర్నమెంటుకు చూపించని పైసలకు మన దగ్గర నాలుగేళ్ల లాభం కట్టి వసూలు చేస్తాడా? ఏడాదికి 96,000 అంటే దానికి నాలుగింతలు ధర పెట్టాడు. ఆ నాలుగింతలు పెద్ద ఎక్కువ కాదు, అక్కడ మూడు నుంచి ఐదింతల వరకు నడుస్తుందంటారు. నా లొల్లి ఆ 96,000 తోనే. కాగితం మీద లేని ఆదాయానికి నేనైతే ఒక్క డాలరు కట్టను. లోను ఇచ్చే బ్యాంకు కూడా ట్యాక్స్ కాగితాలే చూస్తుంది. 4506-సీ అని ఒక ఫారం ఉంది, ఆయన సంతకం పెడితే ఆ బ్యాంకుకు ట్యాక్స్ ఆఫీసు నుంచే అసలు వివరాలు వస్తాయి. ఆయన జిరాక్స్ మనకెందుకు?

(ఇక్కడ నేను బామ్మర్ది పక్షమే. కానీ ట్యాక్స్ కాగితం చూసి ఆగిపోయేవాళ్లు అసలు పరీక్ష వదిలేస్తున్నారు. అది నీళ్ల బిల్లు.)

బావ: సరే, ఇంకొకటి చెప్పాడు. నెల రోజులు వచ్చి పక్కన కూర్చోండి, డబ్బాలు మీ ముందే తెరుస్తా అన్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

బామ్మర్ది: డబ్బాలో పడింది ఎవరి నాణేమో దాని మీద రాసి ఉండదు కదా. ముందు రోజు రాత్రి నాలుగు వేల పావు డాలరు నాణేలు తెచ్చి వేస్తే వెయ్యి డాలర్లు అయిపోయె, 22 కిలోల పైచిలుకు బరువు, సంచిలో పట్టుకొచ్చేదే. నీళ్లు మాత్రం మీటరులో తిరగాలి. ఏదీ, వాడు పంపిన నల్లా బిల్లు చూపించు.

బావ: వాట్సాప్‌లో ఉంది చూడు. రెండు నెలలకు 112 యూనిట్లట. అది ఎక్కువా తక్కువా నాకేం తెలుసు?

బామ్మర్ది: ఒక యూనిట్ అంటే వంద ఘనపు అడుగులు, 748 గాలన్లు. నెలకు 56 యూనిట్లు, దగ్గరదగ్గర 42,000 గాలన్లు. ఉతికే మిషన్ల మీదే నెలకు 12,000 డాలర్లు వస్తాయని ఆయన షీటు. ఒక్క తడవకు సగటున 4 డాలర్లు, అంటే 3,000 తడవలు. మిషన్లు 25, రోజుకు ఒక్కోటి నాలుగు తడవలు తిరగాలన్నమాట. ఇప్పుడు 42,000ను తడవకు 20 గాలన్ల చొప్పున భాగించు.

బావ: 2,100.

బామ్మర్ది: 8,400 డాలర్లు. నెలకు 3,600 గాలిలో ఉన్నాయి. ఏడాదికి 43,000, దాన్ని నాలుగింతలు చేస్తే మనం ఎక్కువ కట్టేది కోటి రూపాయల పైమాటే.

బావ: ఆగు ఆగు. 20 అని నీకెవరు చెప్పారు? కొత్త మిషన్లు నీళ్లు తక్కువ తాగుతాయి, వాడే చెప్పాడు. 14 వేసి చూడు.

(బావ ఊరికే అనలేదు. 42,000ను 14తో భాగిస్తే సరిగ్గా 3,000 వస్తుంది. అమ్మేవాడి మాట నిజమైపోతుంది! లెక్క అంతా ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంది.)

బామ్మర్ది: ఒప్పుకుంటా, నా 20 కూడా అంచనానే. అందుకే మిషన్ల మోడల్ నంబర్లు ఫొటో తీసి పంపమను, ఏ మోడల్ ఎంత తాగుతుందో తయారుచేసిన కంపెనీ కాగితంలో ఉంటుంది. కానీ మొన్న నువ్వు చూపించిన వీడియో ఒకసారి మళ్లీ పెట్టు. అదిగో, గోడ వైపు వరస. మూత పైకి తెరుచుకుంటుంది చూడు, లెక్కపెట్టు.

బావ: ...పది.

బామ్మర్ది: ఆ పాత టాప్ లోడ్‌వి ఒక్కోటి 30 గాలన్ల దాకా తాగుతాయి. పది వాటికి 30, పదిహేనుకు నీ 14 వేసుకో. సగటు 20 దాటుతుంది.

బావ: జనం ఆ పాతవి వాడకపోతే?

బామ్మర్ది: అప్పుడు 25 మిషన్లని ధర ఎందుకు కడుతున్నాం?

బావ: నువ్వు గెలవడానికే మాట్లాడతావ్ రా.

బామ్మర్ది: లేదు బావా. నీళ్ల లెక్క ఎన్ని తడవలు తిరిగాయో చెబుతుంది, అంతే. కావాలంటే నల్లా వదిలిపెట్టి మీటరు తిప్పొచ్చు కూడా. అందుకే రెండేళ్ల బిల్లులు కావాలి, అవీ ఆయన చేతి నుంచి కాదు, నీళ్ల ఆఫీసు నుంచి. పక్కన డ్రయ్యర్ల గ్యాస్ బిల్లు పెట్టి చూడాలి, ఉతికినవన్నీ ఆరబెట్టాలి కదా. నీళ్లు పెరిగిన నెల గ్యాస్ పెరగకపోతే ఏదో ఉంది. ఇంకా షాపు అగ్రిమెంటు ఎన్నేళ్లు ఉందో అడిగారా?

బావ: మిషన్లు మనవే అవుతాయి కదా.

బామ్మర్ది: పైపులు, డ్రైనేజీ, గ్యాస్ లైను అన్నీ ఆ బిల్డింగులో ఉన్నాయి. రెండేళ్లలో ఓనర్ ఖాళీ చేయమంటే మిషన్లు ఎక్కడ పెడతాడు, వాళ్ల గ్యారేజీలోనా?

బావ: ఇన్ని అడిగితే ఆయన వేరేవాళ్లకు అమ్ముతాడు. వాడు నెలల తరబడి వెతికితే దొరికింది ఇది. నీకు ఇక్కడ కూర్చుని చెప్పడం సులభమే.

బామ్మర్ది: అమ్మనీ. లెక్క నిజమైతే ఆయనకు బిల్లులు ఇవ్వడానికి టెన్షన్ దేనికి? తక్కువ తేలితే వద్దనడం లేదు నేను, తేలినదానికే ధర కట్టమంటున్నా. 8,400 లెక్కన నికరం ఎంతో తీసి, దాని మీద బేరం చేయమను.

బావ: ప్లాటు చూడటానికి రేపు వాళ్లు వస్తామన్నారు.

బామ్మర్ది: రానీ, చూపించు. బయానా మాత్రం తీసుకోకు.

బావ: రాత్రి తొమ్మిదికి వాడికి ఫోన్ చేస్తా. మోడల్ నంబర్లు అడుగుతా, బిల్లులు అడుగుతా. ట్యాక్స్ ఫారం సంగతి నువ్వే చెప్పు, ఆ నంబరు నాకు నోరు తిరగదు. వాడికి కోపం వస్తే నీ మీదే రావాలి.